సేనాపతి బరిలోకి దిగాలా?

‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ మూడో భాగం 1999లో వచ్చింది, నాలుగోది 2002లో. ఆ మధ్యలో కాలిఫోర్నియాలోని న్యూ వరల్డ్ కంప్యూటింగ్ వాళ్లు ఆట నియమాల్ని ఎంత తిరగరాశారంటే, ఇప్పటికీ ఆ పేరెత్తితే పాత ఆటగాళ్లు మూడో మాటకే గొంతు పెంచుతారు. అలాంటి ఇద్దరు నాకు కలకత్తాలో ఉన్నారు. బావ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. బావమరిది ఉద్యోగం కోసం విశాఖ నుంచి సాల్ట్ లేక్ వచ్చినవాడు. గరియాహాట్ ఫ్లైఓవర్ కింద సాయంత్రాలు చదరంగం ఆడేవాళ్లు గుమిగూడతారు కదా, ఆ బల్లల పక్కన వీళ్లిద్దరూ తగువు పడుతుంటే నేను మూడో మనిషిని.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మీకో కోట ఉంటుంది. హీరో అనే నాయకుడు మ్యాప్ మీద తిరుగుతూ గనులు పట్టుకుంటాడు, బంగారం, కలప ఏరుకుంటాడు, కోటలో పుట్టిన సైన్యాన్ని వెంటేసుకుని వెళ్తాడు. శత్రువు ఎదురుపడితే తెర మారి రణరంగం వస్తుంది. అక్కడ చదరంగంలాగే వంతులవారీగా ఎత్తులు. గెలిచేకొద్దీ హీరో లెవెల్ పెరుగుతుంది, కొత్త విద్యలు వస్తాయి. వ్యూహం సగం, పాత్రపోషణ సగం.

బావమరిది: నీ అభ్యంతరం ఏంటో ముందు ఒక్క ముక్కలో చెప్పు బావా. ఇరవయ్యేళ్లుగా నాలుగో భాగాన్ని తిడుతూనే ఉన్నావు.

బావ: ఒక్క ముక్కేరా. మూడో భాగంలో హీరో బరి అంచున గుర్రం మీద నిలబడతాడు. కత్తి దూయడు. రౌండుకి ఒక్క మంత్రం వేస్తాడు, తన ఎటాక్, డిఫెన్స్ బలాన్ని సైన్యానికి అందిస్తాడు. కురుక్షేత్రంలో కృష్ణుడు చేసిన పని. నాలుగో భాగంలో అతన్ని లాక్కొచ్చి సైనికుల మధ్య నిలబెట్టారు. బాణం తగిలితే పడిపోతాడు. పది గంటలు పెంచుకున్న మనిషి, ఎవడో విలుకాడి చేతిలో మొదటి రౌండులో నేలకొరగడం ఏం వ్యూహం?

బావమరిది: భీష్ముడు పడిపోలేదా? ద్రోణుడు? సేనాపతి పడితే యుద్ధం మలుపు తిరుగుతుంది, మన కథల్లో పర్వాల పేర్లే సేనాపతుల పేర్లు. నీ మూడో భాగంలో అది అసాధ్యం. పక్క సైన్యం మొత్తం చచ్చేదాకా హీరో ఈగ వాలకుండా నిలబడతాడు. ఓడిపోయేలా ఉంటే రిట్రీట్ నొక్కుతాడు. కాసేపటికి సత్రంలో ప్రత్యక్షం! రెండున్నర వేల బంగారు నాణేలు పారేస్తే మళ్లీ మన కొలువులో, ఒంటి మీద నగలతో సహా. సైనికులు మాత్రం మట్టిలో. అది నీకు న్యాయంగా ఉందా?

బావ: న్యాయం సంగతి ఎవడడిగాడు? ఆటలో ఏ బరువు ఎక్కడ మోపారన్నదే నా లెక్క. హీరో బరి బయట ఉన్నాడంటే బరి లోపల ఏడు వరసల సైన్యంతోనే సమస్య తేల్చుకోవాలి. వాణ్ని లోపలికి తెస్తే రెండే జరుగుతాయి. మొదట్లో వాడు గాజుబొమ్మ, తర్వాత వాడే సైన్యాన్ని మింగేస్తాడు. నాలుగో భాగంలో పోరాట విద్య చివరిమెట్టుదాకా నేర్పిన ఒక్క హీరోని, చేతిలో రెండు అమరత్వ పానీయాలతో పంపించు. ఊళ్లకి ఊళ్లు ఒంటరిగా ఊడ్చుకొస్తాడు. ఇంక డ్రాగన్లెందుకు, దేవదూతలెందుకు?

బావమరిది: ఒప్పుకుంటాను, అక్కడ లెక్క తప్పింది. కానీ తప్పింది కొలత. సేనాపతికి ప్రాణభయం ఉండాలన్న ఊహలో తప్పేముంది? ఓడిన హీరోని శత్రువు తన కోటలో బందీగా పెట్టుకుంటాడు, విడిపించుకోవాలంటే ఆ కోట గెలవాలి. ఎంత చక్కటి కథ అది! సత్రంలో డబ్బు కట్టి కొనుక్కురావడం కన్నా నూరు రెట్లు నయం.

(ఇక్కడ నా ఓటు బావమరిదికి. బందీగా చిక్కిన హీరో కోసం దండు కదిలించడంలో ఉన్న ఉడుకు మూడో భాగంలో నాకెక్కడా తగల్లేదు.)

బావ: సరే, దాన్ని వదిలెయ్. దెబ్బకి దెబ్బ సంగతి? మూడో భాగంలో ముందు కొట్టినవాడిది పైచేయి. నేను కొడతాను, నీ దళంలో సగంమంది పోతారు, మిగిలిన సగమే తిరిగి కొడుతుంది. అదీ సాధారణంగా రౌండుకి ఒక్కసారే. కాబట్టి ఎవడు ముందు అందుకుంటాడు, ఎవణ్ని ఎరవేసి ఆ ఒక్క ఎదురుదెబ్బ ఖర్చు చేయించాలి, ఇదే ఆట మొత్తం. ఒకే ఒక్క సైనికుణ్ని విడదీసి ముందుకి పంపి బలిచేస్తాం చూడు, ఆ తర్వాత అసలు దళం దిగుతుంది. నాలుగో భాగంలో రెండు దెబ్బలూ ఒకేసారి. నువ్వు ముందు కొట్టినా, నీకు పడే దెబ్బ పూర్తి దళం దెబ్బే. అడుగు ముందు వేసినందుకు ఫలితం ఏముంది?

బావమరిది: ఫలితం లేకపోవడమేం? ముందుదెబ్బ అనేది కొన్ని జాతులకి ప్రత్యేక విద్యగా పెట్టారు. అందరికీ ఉచితంగా ఉన్నదాన్ని కొందరికి మాత్రమే ఇచ్చారు. అప్పుడు ఆ జాతికి విలువ వచ్చింది. పైగా బాణం వేసేవాణ్ని బాణంతో కొడితే వాడూ తిరిగి వేస్తాడు. మూడో భాగంలో విలుకాళ్లు మూలన కూర్చుని పైసా ఖర్చు లేకుండా కొట్టేవాళ్లు, దానికి అడ్డు పడింది. నువ్వేమో నీ ఎర విద్య పోయిందని ఏడుస్తున్నావు.

బావ: పోయిందనే ఏడుస్తున్నా. అయిదేళ్లు హాస్టల్లో ఒకే కంప్యూటర్ ముందు నలుగురం వంతులవారీగా కూర్చుని నేర్చుకున్న విద్య అది. చాందినీ చౌక్‌లో కొన్న సీడీ. ఆదివారం రాత్రి మొదలైతే సోమవారం పొద్దున క్లాసుకి వెళ్లేవాడు లేడు. మూడో భాగంలో వారం అంటే వారమే. ఏడో రోజు ముగిసి కొత్త వారం మొదలైనప్పుడే కోటలో కొత్త సైన్యం పుడుతుంది. ఆ లోపల కోటగోడ పూర్తిచేస్తే పుట్టుబడి రెట్టింపు. అందుకని ఏడో రోజు రాత్రికి ఎవడి ఖజానాలో ఎంత మిగిలింది, ఎవడి దండు ఎక్కడుంది, అంతా ఊపిరి బిగపట్టి చూసేవాళ్లం. మధ్యలో జ్యోతిష్కుల ప్రకటన ఒకటి, ఈ వారం ఫలానా ప్రాణి వారం అని! ఉగాది పంచాంగ శ్రవణంలా వినేవాళ్లం. నాలుగో భాగంలో సైన్యం రోజూ కాస్త కాస్త పుడుతుంది. పాలప్యాకెట్‌లాగ.

బావమరిది: రోజూ పుడితే నష్టమేంటి? వారం మొదటిరోజు కోట పోగొట్టుకున్నవాడు మూడో భాగంలో ఆట పోగొట్టుకున్నట్టే. ఇక్కడ తేరుకోవడానికి వీలుంది.

బావ: తేరుకుంటాడు. వారంలో మంచిరోజు, చెడ్డరోజు అన్న తేడా మాత్రం పోయింది. ఏ రోజు దాడిచేసినా ఒకటే అయితే ఎప్పుడు దాడిచేయాలన్న ప్రశ్నే ఉండదు. ప్రశ్న తీసేసి దానికి సౌకర్యం అని పేరుపెట్టారు.

బావమరిది: ఇప్పుడు నేనొకటి అడుగుతాను, సూటిగా చెప్పు. మూడో భాగంలో నువ్వు ఎంతమంది హీరోలని కొనేవాడివి?

బావ: ఎనిమిది మంది. మ్యాప్ మీద అంతకన్నా ఒప్పుకోదు.

బావమరిది: అందులో యుద్ధం చేసేవాడు?

బావ: ఒకడు. మహా అయితే ఇద్దరు.

బావమరిది: మిగతా ఆరుగురూ కూలీలు! కోటలో పుట్టిన సైన్యాన్ని మోసుకెళ్లి పెద్ద హీరోకి అందించడం, గాలిమర దగ్గర వారంవారం సరుకు వసూలు చేయడం. హీరో తోడు లేకపోతే సైన్యం గుమ్మం దాటదు కాబట్టి ప్రతి మూటకీ ఒక వీరాధివీరుణ్ని కొనాలి. నాలుగో భాగం దాన్ని ఒక్క ఊపులో తీసేసింది. సైనికులు సొంతంగా నడుస్తారు, గని పట్టుకుంటారు. దూరంగా ఉన్న కోట నుంచి బళ్ల వరస కట్టి పంపిస్తే సైన్యం దానంతటదే చేరుతుంది. ఇది బాగుచేయడం కాదంటావా?

బావ: ఆ కూలీల గొలుసు ఒక కళరా. ఒకే రోజులో నలుగురు హీరోల చేతులు మారుతూ అదే దండు నాలుగు రోజుల దూరం పోతుంది. ఎదుటివాడు ఇంకా మూడు రోజులు ఉందనుకుంటాడు, పొద్దున లేచేసరికి గుమ్మంలో ఉంటాం.

బావమరిది: అది తయారుచేసినవాళ్లు తలపెట్టిన కళ కాదు. నియమంలో సందు దొరికితే మీరు దారి చేసుకున్నారు, అలవాటయ్యాక శాస్త్రం అన్నారు. నాకు కనిపించేదేంటంటే, నీ ఫిర్యాదుల్లో సగం ఆట పాడైందని కాదు, నీకొచ్చిన విద్య చెల్లుబాటు కాలేదని.

బావ కాసేపు మాట్లాడలేదు. పక్క బల్ల మీద ఎవరో గుర్రాన్ని పోగొట్టుకున్నారు కాబోలు, బెంగాలీలో ఒక నిట్టూర్పు వినిపించింది. బావ అటు వేలు చూపించాడు. అక్కణ్నుంచి మాట వేరే దారి పట్టింది. ఆ రోజు సంభాషణలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కుదించకుండా రాస్తున్నాను.

బావ: విద్య చెల్లుబాటు గురించి ఈ ఊళ్లోనే ఒక కథ ఉంది. మహేశ్‌చంద్ర బెనర్జీ పేరు విన్నావా? కలకత్తా చుట్టుపక్కల పల్లెపట్టున ఉండే బ్రాహ్మడు. చదరంగంలో అతనికి ఓటమే లేదని 1848లో ఇక్కడి చెస్ క్లబ్ వాళ్లలో ఒకాయన కనిపెట్టి పట్టుకొచ్చాడు. ఎదురు కూర్చోబెట్టింది జాన్ కాక్రేన్‌ని. స్కాట్లాండ్ మనిషి, ఇక్కడ బారిస్టరు, యూరప్ పెద్ద ఆటగాళ్లతో ఆడివచ్చినవాడు. అప్పటికి మనవైపు చదరంగం నియమాలే వేరు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. కోట కట్టడం లేదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు చివరిగడి చేరితే ఆ వరసలో మొదట ఏ పావు ఉండేదో అదే అవుతుంది. ఆ పద్ధతిలో పెరిగిన మనిషి ఇంగ్లీషువాళ్ల నియమాల కింద ఆడాల్సివచ్చింది.

బావమరిది: చూశావా! ఆయన నీలాగ సణగలేదు, కూర్చుని నేర్చుకున్నాడు. నువ్వు చెప్పే కథ నా పక్షం.

బావ: ఆగు. ఏం నేర్చుకున్నాడన్నది అసలు సంగతి. బంటుని రెండు గడులు నడిపించడం ఒప్పుకున్నాడు, కానీ దూకుడుగా నడిపించాల్సిందేనని ఒప్పుకోలేదు. ఒక్కో అడుగు వేసుకుంటూ రాజు పక్క కోణంలో శకటుని పొంచి కూర్చోబెట్టడం, మధ్యగడులు ఎదుటివాడికి వదిలేసి తర్వాత కింద నుంచి కొట్టడం, ఇవి పాత ఆటలో ఒంటబట్టిన అలవాట్లు. అవి కొత్త నియమాల కింద కూడా పనిచేశాయి. యూరప్ వాళ్లకి వింతగా కనిపించి ఆ ఎత్తుగడలకి ఇండియన్ డిఫెన్స్ అని పేరొచ్చింది. 1855లో కాక్రేన్ మీద ఆడిన ఒక ఆటలో ఆయన వేసిన మొదటి ఎత్తులు, 1922లో గ్రూన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా ఆటగాడు వేసి తన పేరు సంపాదించుకున్న ఎత్తులూ ఒకటే. ఇప్పుడు చెప్పు. నియమం మారినా పాత విద్యకి కొత్త పొలం దొరికింది. నాలుగో భాగంలో నాకు అలాంటి పొలం ఏది?

బావమరిది: దొరికేదాకా నువ్వు వెతికితే కదా! మహేశ్‌చంద్ర, కాక్రేన్ ఏళ్లతరబడి ఆడారు. నువ్వు మొదటి అంకం సగంలో సీడీ తీసేశావు. ఇంకోటి, చదరంగం నియమాలు మారడం మనకి ఒట్టి ఆట సంగతిగా ఎప్పుడూ కనబడలేదు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ 1977లో తీశాడు. అందులో అవధ్ నవాబుగారి రాజ్యం 1856లో పోతుంటే, ఇంగ్లీషువాళ్ల చదరంగంలో మంత్రి బదులు రాణి ఉంటుందట, బంటు రెండు గడులు నడుస్తుందట అని మాట్లాడుకుంటారు. నియమం మారిందంటే దొరతనం మారినట్టే అన్న గుబులు. నీ గుబులు కూడా అదే జాతిది.

బావ: గుబులు కాదురా, అక్కడ నిజంగానే దొరతనం మారింది. న్యూ వరల్డ్ కంప్యూటింగ్‌ని 1996లోనే త్రీడీఓ కంపెనీ కొనేసింది. నాలుగో భాగం వచ్చేనాటికి ఆ కంపెనీ మునగడానికి సిద్ధంగా ఉంది. ఆట బయటికొచ్చినప్పుడు మల్టీప్లేయర్ లేదు, తర్వాత ప్యాచ్‌లో తెచ్చి అతికించారు. మూడో భాగంలో ఉన్న ర్యాండమ్ మ్యాప్ వసతి అసలే రాలేదు. కంప్యూటర్ శత్రువుకి కొత్త నియమాలు వంటబట్టలేదు, హీరోలని పొరపాటు చోట్ల నిలబెట్టుకుని చచ్చిపోతాడు. 2003లో త్రీడీఓ దివాలా తీసింది, పేరు హక్కుల్ని పదమూడు లక్షల డాలర్లకి యుబిసాఫ్ట్ ఎత్తుకుపోయింది. సగం ఉడికిన వంటని నువ్వు కొత్త రుచి అంటున్నావు.

బావమరిది: సగం ఉడికింది. దినుసులు మాత్రం మంచివి. అందుకే తర్వాతివాళ్లు ఏరుకున్నారు. రష్యాలో నైవల్ వాళ్లు 2006లో అయిదో భాగం చేశారు. పైకి చూస్తే మొత్తం మూడో భాగానికి తిరిగి వెళ్లినట్టే ఉంటుంది: వారానికోసారి పుట్టే సైన్యం, బలాన్నిబట్టి ప్రాణుల్లో ఏడు మెట్లు, హీరో మళ్లీ బరి అంచున. కానీ అంచున ఊరికే ఉన్నాడా? వంతు వచ్చినప్పుడల్లా కత్తితో కొడతాడు, వాణ్ని మాత్రం ఎవడూ తాకలేడు.

బావ: భీష్ముడి మీదికి చక్రం పట్టుకు దూకిన కృష్ణుడన్నమాట. ఆయుధం పట్టనన్నవాడు పట్టాడు.

బావమరిది: పట్టించింది నాలుగో భాగమే. బళ్ల వరస కూడా తర్వాత అయిదో భాగంలోకి వచ్చింది. ఇంకా అసలుది ఉంది. నాలుగో భాగంలో ఒక మెట్టులో రెండు జాతుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. దేవదూతలు కావాలంటే ఛాంపియన్ రౌతుల్ని వదులుకోవాలి, సన్యాసి కావాలంటే క్రూసేడర్ ఉండడు. ప్రేతకోటలో రక్తపిశాచమా, విషప్రాణా? ఇద్దరు ఒకే కోట ఆడినా సైన్యాలు వేరు. ప్రాణుల్ని మెరుగుపరిచే అప్‌గ్రేడ్లు తీసేశారని మొత్తుకున్నావు గానీ ఇది చూడలేదు. 2007లో అయిదో భాగానికి వచ్చిన ‘ట్రైబ్స్ ఆఫ్ ది ఈస్ట్’లో ప్రతి ప్రాణికీ రెండు రకాల అప్‌గ్రేడ్లు పెట్టారు, ఒకటి ఎంచుకోమని. ఆ ఎంపిక ఎక్కడ మొలకెత్తింది?

బావ: రక్తపిశాచాన్ని కాదని విషప్రాణిని ఎంచుకున్నవాణ్ని ఒక్కణ్ని చూపించు! తేలిపోయే ఎంపిక ఎంపికే కాదు. కానీ ‘ట్రైబ్స్ ఆఫ్ ది ఈస్ట్’ వరకు ఒప్పుకుంటా. అక్కడ రెండూ పనికొస్తాయి. ఒప్పుకోనిదల్లా ఒకేసారి అన్నీ మార్చడం. హీరో చోటు మార్చావా, అది ఒక్కటే పెద్దమార్పు, దాని చుట్టూ మిగతావి సర్దుకోవడానికి ఒక భాగం పడుతుంది. వీళ్లు హీరోని దించారు, దెబ్బకి దెబ్బ మార్చారు, వారం తీసేశారు, ఏడు మెట్లని నాలుగు చేశారు, తొమ్మిది కోటల్ని ఆరు చేశారు. దెయ్యాల కోటని ప్రేతకోటలో కలిపేశారు. ఇది చాలక కథలో పాత లోకాన్నే రెండు కత్తులు ఢీకొట్టి బద్దలు చేసి, మిగిలినవాళ్లని ఆక్సియోత్ అనే కొత్త లోకానికి తోలారు. తూకం తప్పితే ఏ మార్పువల్ల తప్పిందో ఎలా తెలుస్తుంది?

(ఈ మాటకి బావమరిది దగ్గర జవాబు లేదని నాకనిపించింది. నాలుగో భాగంలో ఊహలు విడివిడిగా దాదాపు అన్నీ బాగుంటాయి. ఒంటరి హీరో మితిమీరిన బలం ఒక్కటి సరిచేసి, వారం లయని అలాగే ఉంచి ఉంటే ఈ తగువు ఉండేది కాదేమో. అయితే బళ్ల వరసని, సొంతంగా నడిచే సైన్యాన్ని కాదనేవాళ్లతో నేనూ ఏకీభవించను.)

బావమరిది: ఇప్పుడు ‘ఓల్డెన్ ఎరా’ అని ఇంకొకటి 2024లో ప్రకటించారు, పేరులోనే పాతకాలం. హీరో బరి బయటే, మెట్లు ఏడు, నీ మూడో భాగం గాలే. దానికైనా సంతోషించావా?

బావ: సంతోషమే. కాకపోతే అందులోనూ ప్రాణికి రెండు అప్‌గ్రేడ్ల ఎంపిక పెట్టారని విని నీ మాట గుర్తొచ్చి చిరాకేసింది.

బావమరిది: అయితే ఒక పని చేద్దాం. నీకు అలవాటు, నాకు పక్షపాతం. మనిద్దరి తీర్పూ చెల్లదు. మా మేనకోడలికి పదమూడు నిండాయి, ఈ ఆటలేవీ ముట్టలేదు. దానికి నాలుగో భాగం ముందు ఇద్దాం. మూడోది ఉందని కూడా చెప్పొద్దు.

బావ: ఇవ్వు. కానీ ప్యాచ్‌లు వేసినదే ఇవ్వు, లేకపోతే తర్వాత సాకులు వెతుకుతావు. రెండో అంకంలోపల నా కూతురు సైన్యాన్ని కోటలో వదిలేసి హీరోని ఒక్కణ్నే పంపడం మొదలెడుతుంది. దానికెవరూ చెప్పక్కర్లేదు.

బావమరిది: మొదలెట్టదు. దానికి డ్రాగన్లంటే ఇష్టం.

బావ: ఇష్టానికీ గెలుపుకీ సంబంధమేంటి? అది వాళ్లమ్మ కూతురు. గెలిచేదే ఆడుతుంది.

బావమరిది: వాళ్లమ్మ మా అక్క. గెలుస్తూ కూడా నచ్చినదే ఆడుతుంది, నీకు పెళ్లయ్యాకైనా తెలిసి ఉండాలి. శనివారం లాప్‌టాప్ నేనే తెస్తాను.